చిట్టా అప్పగింత

మా నాన్నగారు బియ్యపు మిల్లులో గుమాస్తా. తెనాలి సమీపాన ఒక గ్రామంలో ముప్పై సంవత్సరాలకు పైగా ఆయన చేసిన పని ఒక్కటే. మిల్లుకు వచ్చిన ధాన్యము, వెళ్ళిన బియ్యము, చేతులు మారిన సొమ్ము ఏ రోజుది ఆ రోజు పుస్తకంలోకి ఎక్కించడం. ఎర్రగుడ్డ అట్ట వేసిన ఆ పొడవాటి పుస్తకాన్ని చిట్టా అనేవారు. జరిగినది జరిగిన వరుసలో వ్రాసేది చిట్టా. అందులోని పద్దులను రైతు పేరు మీద, వ్యాపారి పేరు మీద, ఖర్చు పేరు మీద వేరు వేరు పుటలలోకి విడదీసి వ్రాసేది ఆవర్జా. దీపాలు పెట్టే వేళకు చిట్టా ముగించి నిలువ తేల్చేవారు. రాత్రి భోజనం అయిన తరువాత ఆవర్జా ముందు కూర్చునేవారు.

ఆయనకు రెండు నియమాలుండేవి. అంకె తప్పు పడితే రుద్ది చెరపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి ప్రక్కన సరియైనది వ్రాయాలి, పాత తప్పు కూడా కంటికి కనబడాలి. ఇది మొదటిది. తాను రాని రోజున మరొకరు వచ్చి ఆ పుస్తకం విప్పితే, ఎవరినీ ఏమీ అడగకుండా తరువాతి పంక్తి వ్రాయగలగాలి. ఇది రెండవది. మా అక్కయ్య పెళ్ళికి ఆయన పది రోజులు సెలవు పెట్టారు. ఆ పది రోజులూ ప్రక్క ఊరి నుండి వచ్చిన గుమాస్తా ఒకాయన చిట్టా వ్రాశాడు. నాన్నగారికి ఒక్కసారి కూడా కబురు పంపవలసిన అవసరం రాలేదు. అప్పుడు నేను పదవ తరగతి చదువుతున్నాను. అది చెప్పుకోదగిన విషయంగా నాకు తోచలేదు.

ఆ రెండు నియమాలలో మొదటిది నాకు కంప్యూటరు ముందు కూర్చున్న రోజులలోనే అర్థమయింది. రెండవది అర్థం కావడానికి మరి ముప్పై సంవత్సరాలు, ఒక ఆసుపత్రి ప్రయాణం పట్టాయి. ఆ సంగతి తోటి ఉద్యోగులకు, వారి ఇంటివారికి చెప్పుకొనడానికే ఈ వ్యాసం.

నేను 1992లో మన సంస్థలో ట్రైనీగా చేరాను. ఆనాడు కంప్యూటరు అంటే ఒక చల్లని గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. మా విభాగంలోని విడిభాగాల జాబితాను డీబేస్ త్రీ ప్లస్ అనే ప్రోగ్రాములో ఎక్కించే పని నాకు అప్పగించారు. వారం రోజులు తిరిగేసరికి నాకొక విచిత్రమైన సంగతి తట్టింది. ఇది మా నాన్నగారి చిట్టాయే! ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క పద్దు. ఆవర్జా మాత్రం ఎవరూ వ్రాయనక్కరలేదు. ఏ పేరు మీద కావాలంటే ఆ పేరు మీద పద్దులను ఏరి, కూడి, క్షణంలో చూపించే పని యంత్రానిది. ఆ రాత్రి నాన్నగారికి ఉత్తరం వ్రాశాను. ఆయన జవాబు ఒక్క వాక్యం: "తప్పు పడితే గీత కొట్టే వీలుందా?" లేదని గ్రహించి, చెరిపివేసిన పద్దులను కూడా వేరొక పట్టికలో దాచే ఏర్పాటు చేశాను. నా ప్రోగ్రాములన్నింటిలో నేటికీ ఆ ఏర్పాటు ఉంది.

ఇంట్లో కంప్యూటరు కొన్నది 1998లో. సరదాకు కొన్నది కాదు. అప్పటికి నాకు రెండు బదిలీలయ్యాయి. ఒకటి ఒడిశాకు, మరొకటి అప్పటి మధ్యప్రదేశ్‌కు. ప్రతి ఊరిలో ఒక బ్యాంకు ఖాతా, ఒక డిపాజిట్టు రసీదు, ఎవరో మిత్రుడు బలవంతంగా కట్టించిన ఒక బీమా పాలసీ. ట్రంకు పెట్టె నిండా కాగితాలు చేరాయి గాని ఏది ఎప్పుడు గడువు తీరుతుందో తెలియదు. ఆదివారాలు కూర్చుని ఫాక్స్‌ప్రోలో చిన్న ప్రోగ్రాము వ్రాశాను. జమాఖర్చులు, పాలసీలు, బంధువుల చిరునామాలు, ఇంటిల్లిపాది వైద్యము అని నాలుగు పట్టికలు. దానికి పెట్టిన పేరు "చిట్టా".

మొదటి గుణపాఠం మరుసటి సంవత్సరమే వచ్చింది. పాలసీలను గడువు తేదీల వరుసలో చూపించమంటే, 2005లో ముగియవలసిన పాలసీ అన్నింటికన్న ముందు నిలబడింది. సంవత్సరాన్ని రెండంకెలలో "05" అని నేను కొట్టగా, యంత్రం దానిని 1905గా భద్రపరచుకుంది. అంటే మా నాన్నగారు పుట్టక పూర్వమే నా పాలసీ గడువు తీరిందన్నమాట! ప్రపంచమంతా 2000 సంవత్సరపు చిక్కు గురించి మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ చిక్కు మా వసారాలోని బల్ల మీదకు కూడా వచ్చి కూర్చుంది. నాలుగంకెల సంవత్సరాన్ని చూపించే ఆజ్ఞ ఒక్క పంక్తి చేర్చి, తేదీలన్నీ మళ్ళీ ఎక్కించాను.

రెండవ గుణపాఠం తెలుగుది. మా అమ్మ ఆంగ్లం చదవలేదు గనుక చిరునామాల పట్టికను తెలుగులో ఉంచాలనుకున్నాను. ఆనాటి తెలుగు ఫాంట్లు చాలావరకు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చినవి. యంత్రం లోపల ఉన్నది ఆంగ్లాక్షరమే. తెర మీద వేషం మాత్రం తెలుగు. 2006లో కంప్యూటరు మార్చినప్పుడు ఆ ఫాంటు లేకపోయింది. రెండు వందల పైచిలుకు చిరునామాలు అర్థంలేని గుర్తులై కూర్చున్నాయి. అంతకు ముందు దీపావళికి అమ్మ కోసం అచ్చు తీసి ఇచ్చిన కాగితాలు ఆమె రామాయణం పుస్తకంలో భద్రంగా ఉండబట్టి బ్రతికిపోయాను. వేసవి సెలవులలో మా అమ్మాయి వాటినన్నింటినీ యూనికోడ్‌లో తిరిగి ఎక్కించింది. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి తెలుగు అక్షరంగానే సంఖ్య ఉంది. 1991 నాటి మొదటి రూపం నుండి ఆ స్థానం మారలేదు. ఆనాడు ఎక్కించిన పేర్లు ఈనాడు ఏ యంత్రంలోనైనా చదువుకొనవచ్చు.

మూడవది నా సోమరితనం తెచ్చిపెట్టినది. 2011 ప్రాంతంలో ఇంటి లెక్కలను ఉచితంగా భద్రపరిచే సేవ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. చక్కని రంగులు, గుండ్రని పటాలు. ప్రోగ్రాము సవరించే శ్రమ తప్పిందని లెక్కలన్నీ అక్కడ వ్రాయసాగాను. మూడు సంవత్సరాల తరువాత ఆ సేవను మూసివేస్తున్నామనీ, నెల రోజులలో ఎవరి వివరాలు వారు దింపుకొనవలసిందనీ లేఖ వచ్చింది. ఆ నెలంతా మేము వార్షిక షట్‌డౌన్ పనులలో మునిగి ఉన్నాము. నేను ఆ లేఖ తెరిచి చూసేనాటికి గడువు దాటిపోయింది. మూడు సంవత్సరాల చిట్టా గాలిలో కలిసింది. ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. ఉచితంగా ఇచ్చినవారు ఉచితంగానే మూసుకున్నారు. అయితే మన ఇంటి పుస్తకం మన ఇంట్లో ఉండాలన్న సంకల్పం ఆనాడు గట్టిపడింది.

అందుకు మరొక కారణం కూడా ఉంది. ఇంటి చిట్టాలో ఉండేవి కేవలం అంకెలు కావు. ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఎంత బదులిచ్చాము, ఏ పాలసీకి ఎవరు నామినీ అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇవి గడప దాటవలసిన మాటలు కావని మన పెద్దలకు ఏ చట్టమూ చెప్పనక్కరలేకపోయింది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినప్పుడు నాకు నాన్నగారి అలవాటొకటి గుర్తుకు వచ్చింది. ఎవరైనా మిల్లు గదిలోకి రాగానే ఆయన పుస్తకాన్ని సగం మూసి ఉంచేవారు.

2015లో ప్రోగ్రామును మొదటి నుండి తిరిగి వ్రాశాను. అప్పటికి విజువల్ ఫాక్స్‌ప్రోకు కూడా కాలం చెల్లింది. దాని చివరి రూపం 2004లో వెలువడింది. 2015 జనవరితో తయారీదారులు దానికి సహాయం నిలిపివేశారు. ఈసారి పైథాన్ భాషను, ఎస్‌క్యూలైట్‌ను ఎన్నుకున్నాను. రెండూ ఉచితం. ఎస్‌క్యూలైట్‌ను 2000లో రిచర్డ్ హిప్ రూపొందించారు. దీనికి వేరే సర్వరు అక్కరలేదు. ఎన్ని పట్టికలున్నా సమస్తమూ ఒకే ఫైలులో ఇముడుతుంది. మన చేతులలోని సెల్‌ఫోన్లలోనూ లోపల పనిచేస్తున్నది ఇదే. 2050 వరకు దీనిని పోషించాలన్నది దాని రూపకర్తల సంకల్పం.

పరిమాణం గురించి భయపడేవారి కోసం ఒక చిన్న లెక్క. రోజుకు పది పద్దులు, పద్దుకు సుమారు వంద అక్షరాలు అనుకుంటే సంవత్సరానికి 3,650 పద్దులు, అంటే 3,65,000 అక్షరాలు. ఒక్కొక్క ఆంగ్లాక్షరానికి ఒక బైటు చొప్పున, ఆ పాత 1.44 మెగాబైట్ల ఫ్లాపీలోనే నాలుగు సంవత్సరాల సంసారం పట్టేది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో సాధారణంగా మూడేసి బైట్లు పడతాయి గనుక తెలుగులో వ్రాస్తే దానికి మూడింతలు వేసుకోండి. అయినప్పటికీ పాతికేళ్ళ చిట్టా ముప్పై మెగాబైట్లు మించదు. నేటి చిన్న పెన్‌డ్రైవ్‌లో అది ఒక మూలకు కూడా చాలదు.

ఇంతవరకు చెప్పినదంతా నా ఘనకార్యం. ఇక అసలు సంగతికి వస్తాను.

2022 వర్షాకాలంలో ఒక రాత్రి నాకు భరించలేని కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ పగిలిందనీ, వెంటనే ఆపరేషన్ చేయాలనీ డాక్టర్లు చెప్పారు. తీవ్రమైన జ్వరంతో నా మాట అప్పటికే తడబడుతోంది. "ఈయనకు ఏ మందైనా పడదా?" అని డాక్టరుగారు నా శ్రీమతిని అడిగారు. ఎప్పుడో ఒక ఇంజెక్షనుకు ముఖమంతా వాచిందని ఆమెకు గుర్తుంది గాని మందు పేరు గుర్తులేదు. "ఆయన కంప్యూటరులో వ్రాసి ఉంచారండీ" అని మాత్రం చెప్పగలిగింది.

నిజమే. వ్రాసి ఉంచాను. 2009లో పెన్సిలిన్ జాతి ఇంజెక్షను పడలేదని తేదీతో సహా వైద్యం పట్టికలో ఉంది. అర్ధరాత్రి ఆమె ఫోను చేయగా ప్రక్క క్వార్టరులోని కుర్రవాడు మా ఇంటికి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ అడిగింది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. పుణేలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేస్తే, ఆమె తోచినవన్నీ చెప్పింది. ఒక్కటీ సరిపడలేదు. డాక్టరుగారు అనుభవజ్ఞులు గనుక అనుమానం మీద ఆ జాతి మందులన్నీ వదలి వేరొకటి వాడారు. ప్రమాదమేమీ జరగలేదు. మరునాడు మన టౌన్‌షిప్ ఆసుపత్రిలోని పాత కేసు కాగితం వెదికించగా, పదమూడు సంవత్సరాల క్రితం ఎవరో సిస్టరు ఎర్రసిరాతో వ్రాసిన "పెన్సిలిన్ పడదు" అన్న మాట దొరికింది.

మంచం మీద పడుకుని ఈ కథంతా విన్నప్పుడు కుట్లకన్న సిగ్గు ఎక్కువ బాధించింది. మన కర్మాగారంలో షిఫ్టు మారేటప్పుడు దిగేవారు లాగ్‌బుక్కు వ్రాసి, ఎక్కేవారికి అప్పగించి గాని గేటు దాటకూడదు. ఏ పంపు ఆగింది, ఏ వాల్వు మూసి ఉంది అన్నది వ్రాయకుండా వెళ్ళిన యువ ఇంజనీర్లను నేనెన్నిసార్లు మందలించానో లెక్కలేదు. అటువంటి నేను ఇంట్లో పాతికేళ్ళు లాగ్‌బుక్కు వ్రాసి ఒక్కనాడూ ఎవరికీ అప్పగించలేదు. నాన్నగారి రెండవ నియమం ఆనాడు అర్థమయింది. ఆయన పుస్తకం మరొకరి కోసం వ్రాసినది. నాది నా కోసం వ్రాసుకున్నది.

కోలుకున్న తరువాత మొదట చేసిన పని, నా కుర్చీలో శ్రీమతిని కూర్చోబెట్టడం. ఒక నెల పాటు ఆమె వ్రాయాలి, నేను ప్రక్కన ఊరక ఉండాలని ఒప్పందం. మొదటి రోజే తెర మీద "రికార్డు చేర్చు", "ఫీల్డు సవరించు" అన్న మాటలు చూసి, "ఏమండీ, ఇది మన ఇంటి పుస్తకమా, మీ ఆఫీసు ఫైలా? క్రొత్తది వ్రాయి, వెదుకు, అచ్చు తీయి అని పెడితే ఏం పోయింది?" అన్నది. పెట్టాను. తొమ్మిది మీటలుండేవి మూడయ్యాయి. నేను ఎంతో ముచ్చటపడి వ్రాసిన నెలవారీ పటాలను ఆమె ఒక్కసారి కూడా తెరవలేదు. తీసివేశాను.

పదిహేను రోజుల తరువాత ఆమె ఒక పాత నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టింది. 2019లో జరిగిన మా అమ్మాయి పెళ్ళి చదివింపుల పుస్తకమది. ఎవరు ఏమి చదివించారో తెలియకపోతే రేపు వారి ఇంట శుభకార్యానికి మనం ఏమి తీసుకువెళ్ళాలో ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఈ పట్టిక అవసరమని నాకు తట్టనేలేదు. ఐదవ పట్టిక చేరింది. నేడు మా ఇంట్లో అన్నింటికన్న ఎక్కువగా తెరిచేది అదే.

తరువాత మరి మూడు ఏర్పాట్లు చేశాము. ప్రతి నెల మొదటి ఆదివారం ప్రోగ్రాము తన పట్టికలన్నింటినీ సి.ఎస్.వి. అనే సాదా అక్షరాల ఫైళ్ళుగా కూడా వ్రాస్తుంది. నా ప్రోగ్రాము రేపు పనిచేయకపోయినా ఈ ఫైళ్ళను ఏ కంప్యూటరైనా చదువుతుంది. ఈ మాట ఊహ మీద చెబుతున్నది కాదు. 1998 నాటి నా ఫాక్స్‌ప్రో పట్టికలను ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ నేటికీ తెరుస్తోంది. వాటిని వ్రాసిన ప్రోగ్రాము మాత్రం నా క్రొత్త కంప్యూటరు మీద నడవడం మానివేసింది. ఆ ఫైళ్ళు రెండు పెన్‌డ్రైవ్‌లలోకి వెళతాయి. ఒకటి మా బీరువాలోను, రెండవది రాజమండ్రిలో మా చెల్లెలి ఇంటిలోను ఉంటాయి. రెండవ ఏర్పాటు కాగితం. పాలసీలు, డిపాజిట్లు, నామినీలు ఒక పుట. ఇంటిల్లిపాది రక్తపు గ్రూపులు, వాడే మందులు, పడని మందులు మరొక పుట. ఈ రెండవ పుట దేవుడి అలమరలోనే ఉంటుంది. మూడవది పాస్‌వర్డ్. దానిని ఒక కవరులో పెట్టి అంటించి, శ్రీమతికి తెలిసిన చోట ఉంచాము. ఏ.టి.ఎం. రహస్య సంఖ్యలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మాత్రం చిట్టాలో వ్రాయలేదు. ఎవరూ వ్రాయకూడదు కూడా.

ఇంటర్నెట్‌ను విడిచిపెట్టమని నేను చెప్పడం లేదు. కరెంటు బిల్లు నేనూ ఫోనులోనే కడుతున్నాను. ఇంటి కంప్యూటరుకు కూడా ఆపదలున్నాయి. హార్డ్‌డిస్కు ఏ రోజైనా చెడిపోవచ్చు, దొంగలు పడవచ్చు. రెండవ ప్రతి వేరే ఇంట్లో లేకపోతే మన పుస్తకం మన ఇంట్లో ఉందన్న ధీమా వ్యర్థం.

మనలో ఎందరో రానున్న సంవత్సరాలలో పదవీ విరమణ చేయబోతున్నారు. బదిలీలతో నాలుగు రాష్ట్రాలలో ఖాతాలు మిగిలిపోయినవారు తక్కువేమీ కాదు. పది సంవత్సరాల పాటు ఎవరూ కదపని, ఎవరూ కోరని బ్యాంకు డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి చేరతాయి. 2014లో ఈ నిధి ఏర్పడింది. హక్కుదారులు తరువాత కూడా తమ సొమ్ము కోరుకొనవచ్చు. అటువంటి ఖాతాలను వెదకడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్‌ను కూడా రిజర్వ్ బ్యాంకు ప్రారంభించింది. కాని మన భార్యాబిడ్డలకు మన సొమ్ము వెదికే అగత్యం అసలు ఎందుకు కలగాలి?

ప్రోగ్రాము వ్రాయడం రానివారు వెనుకాడనక్కరలేదు. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తేదీ, వివరము, మొత్తము, పద్దు అని నాలుగు నిలువు వరుసలు గీస్తే చిట్టా తయారు. తేదీలో ముందు నాలుగంకెల సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత రోజు వ్రాయండి. అప్పుడు వరుస ఎన్నటికీ తప్పదు. తెలుగులో వ్రాసేవారు యూనికోడ్‌లోనే వ్రాయండి. అన్నింటికన్న ముఖ్యంగా, ఒక నెల గడిచిన తరువాత ఇంట్లో మరొకరిని కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా, ఒక పద్దు వెదకమనండి. వారికి దొరికితేనే మీ చిట్టా పూర్తయినట్లు.

గత సంక్రాంతికి నేను డ్యూటీ మీద వారం రోజులు వేరే యూనిట్‌కు వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చి చిట్టా తెరిచాను. ఏడు రోజుల పద్దులూ ఉన్నాయి. పాలవాడి లెక్క ఒకచోట తప్పు పడగా, చెరపకుండా గీత కొట్టినట్లు ఉంచి, ప్రక్కన సరియైన అంకె వేసి ఉంది. ఆ వారమంతా ఆమె నాకు నాలుగు సార్లు ఫోను చేసింది. చిట్టా గురించి ఒక్కసారీ అడగలేదు.